అన్నది అంటు, విన్నది అంటురోగం

మా ఆడపడుచు ఎవరి తోటకు వెళ్ళినా కాయల వంక చూడదు. ముందు కాళ్ళు చూస్తుంది. మనుషుల కాళ్ళు కాదు, చెట్టు కాళ్ళు. నలుగురూ తలెత్తి "అబ్బ, ఏం కాపు!" అని నోళ్ళు తెరుచుకుని నిలబడితే, ఈవిడ మోకాళ్ళ మీద కూలబడి మొదలు దగ్గర మట్టి గోకుతూ ఉంటుంది. అందుకే ఆమెకు గోకుడమ్మ అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనే. వెటకారానికే పెట్టాను. తరువాత తరువాత పది తోటల వాళ్ళు మా గుమ్మంలో నిలబడి "గోకుడమ్మగారు ఉన్నారా?" అని చేతులు కట్టుకుని అడుగుతుంటే, నేను విసిరిన రాయి పోయి పూలచెట్టు మీద పడిందని తెలుసుకున్నాను. పేరు పెట్టినదాన్ని కనుక ఆ మనిషి ఎలాంటిదో చెప్పే బాధ్యత కూడా నాదే.

ఆమెకు పదకొండో ఏట బడి మాన్పించి మొక్కల నర్సరీలో పనికి పెట్టారు. మొదట సంచుల్లో మట్టి నింపే పని. నింపి నింపి వేళ్ళ గోళ్ళు అరిగాక, పద్నాలుగో ఏట చేతికి కత్తి ఇచ్చారు. బొటనవేలంత కత్తి, మొన దగ్గర కొంచెం వంపు. దాంతో అంట్లు కట్టాలి.

తోటలు లేనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. బత్తాయి చెట్టంటే ఒక చెట్టు కాదు, రెండు. కింద వేళ్ళూ మొదలూ ఒక మొండి నిమ్మజాతివి. పైన కొమ్మలూ కాయలూ తీపి బత్తాయివి. నిమ్మమొక్క బెరడు చీల్చి, అందులో బత్తాయి కన్నొకటి, అంటే చిగురుమొగ్గ ఉన్న బెరడు ముక్క, దూర్చి కట్టు కడతారు. రెండూ ఒకటై పెరుగుతాయి. చెట్టు ఎంత పెద్దదైనా ఆ కలిసిన చోట చిన్న బుడిపె మిగిలే ఉంటుంది. దాన్నే అంటు అంటారు. కింద ఉన్న నిమ్మ మొండిది, తడికి తట్టుకుంటుంది. పైన ఉన్న బత్తాయి సుకుమారం. దాని బెరడుకు తడిమట్టి తగిలిందా, బూజు తెగులు పడుతుంది. బెరడు కుళ్ళి బంక కారుతుంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. తెలిసినట్టు మాట్లాడడం మాత్రం అప్పుడూ వచ్చు.

ఆమె రోజుకు మూడువందల కన్నులు కట్టేది. నర్సరీ లారీ నడిపే అతణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆరేళ్ళకు అతను జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. ఒక రేకుపెట్టె, రెండు కత్తులు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. ఉన్న మొగుడితోనే వేగలేకపోతుంటే ఇంకో సగం వచ్చి పడిందే అనుకున్నాను. పెరట్లో పంపు పక్కన గది ఖాళీ చేసి ఇచ్చాం.

మా ఆయన శుభ్రమైన మనిషి. తోట కూడా అలాగే పెంచాడు. రాయి కనిపించకూడదు, గడ్డిపరక లేవకూడదు. ఏటా ఎరువూ మట్టీ తెచ్చి ప్రతి చెట్టు మొదటికీ గోపురంలా ఎగదోసేవాడు, చంటిపిల్లకు మెడదాకా దుప్పటి కప్పినట్టు. చుట్టూ పాదు చేసి నిండా నీళ్ళు పెట్టేవాడు. వచ్చిన వారం రోజులకే ఆమె అన్నగారితో అంది:

"అన్నయ్యా, అంటు మట్టిలో మునిగిపోయింది. ఆ మట్టి తీసెయ్యి. నీళ్ళు మొదటికి తగలకూడదు."

"నువ్వు కట్టిన అంట్లు నువ్వు చూసుకో. నేను పెంచిన చెట్ల సంగతి నాకు తెలుసు."

"పెంచింది నువ్వే. ఊపిరాడకుండా కప్పిందీ నువ్వే."

"విన్నావా?" అన్నాడు ఆయన నా వైపు తిరిగి. నేను నవ్వాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాలుగేళ్ళు ఎత్తలేదు. మాట చెల్లని చోట రెండోసారి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. అదొక్కటీ మా ఇద్దరికీ కుదిరిన గుణం.

నాలుగో ఏడు వానలు విడవకుండా కురిశాయి. తరువాతి కాపుకు పల్లపువైపు వరస విరగకాసింది. ముప్పై ఎనిమిది చెట్లున్న వరస అది. కొమ్మలు నేలకు ఆనాయి. కాయలు కొనే ఆయన వచ్చి వరస మధ్యలో నిలబడి దండం పెట్టినంత పని చేశాడు.

"ఏం మందు కొట్టారండీ? ఆకు కన్నా కాయే ఎక్కువుంది!"

మా ఆయన మురిసిపోయి మీసం సవరించుకుంటున్నాడు. ఆమె అప్పటికే కింద కూర్చుంది.

"ఈ చెట్టు పోతుంది" అంది.

కాయలాయన ఉలిక్కిపడ్డాడు. "అదేంటమ్మా, కాసిన చెట్టును పట్టుకుని శాపం పెడతావ్?"

"శాపం కాదు, చావుకాపు. పోయే ముందు చెట్టు ఇలాగే కాస్తుంది. ఆకు చూడండి, మధ్య ఈనె పసుపుబారింది. కాయ చూడండి, గుత్తులున్నాయి గానీ గోలీకాయలంత ఉన్నాయి."

నాలుగు వేళ్ళ లోతు మట్టి తీసింది. మొదలు మీద తేనెరంగు బంక, ముత్యాల్లా గడ్డకట్టి ఉంది. కొంచెం గిల్లి చూపించింది. "తొలుచుపురుగైతే ఈ బంకలో రంపపు పొట్టులాంటిది ఉంటుంది. ఇందులో లేదు. ఇది బూజు తెగులే." కత్తిమొనతో బెరడు లేపితే లోపల కాఫీపొడి రంగు. పులిసిన వాసన. "చూడు వదినా" అని కత్తి నా ముక్కు కింద పెట్టింది. నేను ముఖం తిప్పుకున్నాను.

బయటివాడి ఎదుట చెల్లెలు తన తోటకు రోగముందని చెప్పడం మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ పూట ఆమె పలకరిస్తే పలకలేదు. అందువల్లే మరుసటి పొద్దున మొదటి బస్సుకు పట్నం వెళుతూ, ఆయనతో చెప్పవలసిన మాట పంపు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కుతో చెప్పి పంపింది:

"ఆ పల్లపు వరసలో అంటు దగ్గర తెగులు పట్టింది. మందు సరుకు తెస్తా, రేపు మధ్యాహ్నానికల్లా వస్తా. అప్పటిదాకా ఆ వరసకి నీళ్ళు పెట్టొద్దని అన్నయ్యకి చెప్పు."

మెకానిక్కు పంపు చప్పుడులో సగం విన్నాడు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చి వరండా ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆ పల్లపు వరసకి అంటుతెగులట. ఇక నీళ్ళు కూడా పెట్టొద్దందమ్మగారు."

చెట్టు అంటు మాయమై అంటుకునే తెగులు మిగిలింది. నీళ్ళు కూడా పెట్టొద్దంటే, ఇక ఆశ వదులుకోమని అర్థం చేసుకున్నాం. మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. వెనక ఇంకో ఐదు వరసలున్నాయి. మా ఇంటి తిండీ బట్టా అన్నీ ఆ ఐదు వరసలే. "పక్క వాటికి పాకకముందే తీసేయించండి" అన్నది నేనే. ఆయన కాలం చేశాక ఇప్పుడు ఆయన మీదికి నెట్టెయ్యడం తేలికే. అది నా వల్ల కాదు. అన్నది నేను.

మరునాడు పొద్దున్నే చెట్లు కోసే రంపపు మిషనతను వచ్చాడు. ఆమె భుజాన గోనెసంచితో గేటు దాటేసరికి పదకొండు చెట్లు కాయలతో సహా పడి ఉన్నాయి. పన్నెండో చెట్టు దగ్గర మిషను చప్పుడు చేస్తోంది. ఆమె పోయి సంచి ఆ చెట్టు మొదట్లో పెట్టి దాని మీద కూర్చుంది. మిషనతను చప్పుడు ఆపాడు.

"ఎవరు కొట్టెయ్యమన్నారు?"

"నువ్వే కదే అంటుతెగులన్నావ్!" అన్నాడు మా ఆయన.

"అంటు దగ్గర తెగులన్నాను. నా నోట్లోంచి బయల్దేరినప్పుడు 'దగ్గర' ఉంది. దారిలో ఎక్కడ పడిపోయింది?"

అందరం మెకానిక్కు వైపు చూశాం. అతను పంపు వైపు చూశాడు.

"అయినా అంటుకోదని నువ్వు చెప్పగలవా?" మా ఆయన తగ్గలేదు.

"అంటుకోదని ఎప్పుడన్నాను? పాకుతుంది. నీళ్ళలో పాకుతుంది. చెట్టును కొట్టేస్తే నీళ్ళాగుతాయా? ఈ చెట్టు పాదులో నీళ్ళు ఆ చెట్టు పాదులోకి వదిలేది ఎవరు? నేనా, మెకానిక్కా?"

మిషనతను గొంతు సవరించుకున్నాడు. "కొయ్యాలా, వద్దా? ఏదో ఒకటి తేల్చండమ్మా, మిషను చల్లారితే మళ్ళీ సతాయిస్తుంది."

"పోయి అన్నం తినిరా నాయనా. తిన్నాక కూడా రానక్కర్లేదు." తరువాత అన్నగారి వైపు తిరిగింది. "వచ్చే వానలు వెళ్ళేదాకా ఈ ఇరవై ఏడూ నాకు వదిలెయ్యి. అప్పటికి సగం పోతే మిషను నేనే పిలుస్తా. ఈ తోటలో నాకు నోరు లేదనుకుని నీ ఇల్లు వదిలి పోతా."

పోతే ఎక్కడికి పోతుందో మాకు తెలుసు. నర్సరీ మూతపడి రెండేళ్ళయింది. పోవడానికి ఆమెకు చోటు లేదు. చోటు లేని మనిషి ఉన్న ఒక్క గదినీ ఇరవై ఏడు రోగిష్టి చెట్ల మీద ఒడ్డింది. మా ఆయన "నీ ఇష్టం" అని ఇంట్లోకి వెళ్ళాడు.

ఆ రోజే పని మొదలుపెట్టింది. ఒక్కొక్క చెట్టుకూ మొదట మట్టి అంతా లాగేసి, పెద్ద వేళ్ళ భుజాలు గాలికి కనిపించేలా చేసింది. కుళ్ళిన బెరడును కత్తితో గోకింది. ఎంతవరకు గోకాలని అడిగితే, "చుట్టూ పచ్చి అంచు కనిపించేదాకా. అంతకు ముందు ఆపితే తెగులు మిగులుతుంది, దాటితే చెట్టు మిగలదు" అంది. గోకిన పెచ్చు ఒక్కటి కూడా పాదులో పడనిచ్చేది కాదు. కింద గోనెపట్టా పరిచి, పట్టుకెళ్ళి కాల్చేసేది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్ళేముందు కత్తిని మంట మీద చూపించేది. డాక్టర్లయినా అంత శుభ్రం పాటిస్తారో లేదో.

తరువాత మందు. సంచిలో తెచ్చింది మైలుతుత్తం, రాతిసున్నం. కిలోకు కిలో, పది లీటర్ల నీళ్ళు. ఇనప బకెట్టు ముట్టనివ్వలేదు, ప్లాస్టిక్ బకెట్లే. ఒకదాంట్లో తుత్తం కరిగించి, ఇంకోదాంట్లో సున్నం చల్లార్చి, వడకట్టి, తుత్తం నీళ్ళు సున్నంలోకి సన్నగా వంచుతూ కర్రతో తిప్పాలి. తిప్పే పని నాది. చేతులు ఖాళీగా ఉండి నోరొక్కటే ఆడితే ఆమె ముందు సిగ్గనిపించింది. ఆకాశం ముక్క కరిగించినట్టు నీలంగా వచ్చేది. పూసే ముందు అందులో ఇనప కత్తి ముంచి కాసేపు ఉంచేది. తీసినప్పుడు కత్తికి ఎర్రగా రాగిరంగు పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట, అది చెట్టును కాలుస్తుంది. ఇంకొంచెం సున్నం వెయ్యాలి.

"పొద్దున చూశావుగా, మళ్ళీ ప్రతి బకెట్టుకీ ఎందుకే?" అన్నాను ఒకరోజు.

"నువ్వు నిన్న కూరలో ఉప్పు చూశావని ఇవాళ చూడ్డం మానేశావా వదినా?"

నేను మానేసిన రోజులున్నాయి. ఆమెకూ తెలుసు. ఆ పూట ఇద్దరం నవ్వుకున్నాం.

ఏ పూట కలిపింది ఆ పూటే పూసేది. రెండడుగుల ఎత్తు దాకా చీపురు కుంచెతో పూస్తే, చెట్లన్నీ నీలం మేజోళ్ళు తొడుక్కున్నట్టు నిలబడ్డాయి. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏంటమ్మా, చెట్లని బడికి పంపుతున్నారా?" అని నవ్వేవారు. ఆఖరికి పాదులు మార్చింది. మొదలు చుట్టూ చిన్న గట్టు, దానికి బారెడు అవతల పెద్ద గట్టు. నీళ్ళు ఆ రెంటి మధ్యలోనే తిరగాలి, మొదలు పొడిగా ఉండాలి. ఎరువు కూడా ఆ మధ్యలోనే.

మా ఆయన రోజూ వరండాలోంచి చూసేవాడు.

ఒక సాయంత్రం ఆమె పని ముగిశాక కూడా రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. నరికేసిన చెట్ల మోళ్ళ దగ్గర వంగి ఉంది. ఒక్కొక్క మోడు చుట్టూ మట్టి తీసి బెరడు గోకి చూస్తోంది.

"చచ్చినవాటికి కూడా వైద్యమా?" అన్నాను.

ఆమె లేచి మట్టి దులుపుకుంది. "పదకొండింట్లో నాలుగింటికే ఉంది వదినా. మిగతా ఏడూ శుభ్రంగా ఉన్నాయి."

ఏడు. నా ఒక్క మాటకు. "మీ అన్నయ్యకి తెలిస్తే..."

"ఎందుకు తెలియాలి? చెప్తే అవి లేస్తాయా? ఇవి చేతి వేలంత ఉన్నప్పటి నుంచి అన్నయ్య వీటికి కడవలతో నీళ్ళు మోసి పోశాడు. నేను చెప్పను. నువ్వూ చెప్పకు." అని మోళ్ళ చుట్టూ మట్టి మళ్ళీ కప్పేసింది. ఎవరి మీదనైనా గెలవడానికి ఏడు సాక్ష్యాలు చేతికి చిక్కితే నేనైతే పళ్ళెంలో పెట్టి ఊరేగించేదాన్ని. ఆమె మట్టి కప్పింది. ఆ రోజు నుంచీ నేను ఆమెను వెనక నుంచి గోకుడమ్మ అనడం మానేశాను. ఎదురుగానే అంటాను.

మళ్ళీ వానలు వచ్చాయి. నాలుగో రోజుకు పల్లంలో నీళ్ళు నిలవడం మొదలైంది. ఆమె తల మీద గోనెసంచి కప్పుకుని పారతో కాలువ తీస్తోంది. చిన్నగట్ల అంచుకు రెండు వేళ్ళ కింద దాకా వచ్చేశాయి నీళ్ళు. తోట చివర ఒక పెద్ద గట్టు ఉంది. నీళ్ళు వృథా పోకూడదని మా ఆయన ఆరు నెలలు కష్టపడి కట్టుకున్న గట్టు. మా ఆయన గొడుగు వేసుకుని దాని మీద నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఆ గట్టు తెంచు!"

"నీళ్ళన్నీ పోతాయే!"

"పోవాలనే!"

"మళ్ళీ ఎండాకాలం నీ కంటినీళ్ళు పెడతావా తోటకి?"

"ముందు చెట్లుంటే కదా ఎండాకాలం!"

ఆయన గొడుగు మూశాడు. దాన్ని నా చేతికిచ్చి, పార అందుకుని గట్టు తెంచాడు. నీళ్ళు హోరున పోయాయి. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ చీకటి పడేదాకా చెరో చివర నుంచి కాలువ తవ్వుతూ మధ్యలో కలిశారు. ఒకరినొకరు చూసుకోలేదు. నేను ఆ మూసిన గొడుగు పట్టుకుని వానలో నిలబడే ఉన్నానని నాకు ఇంటికొచ్చాక తెలిసింది.

వానలు వెళ్ళాక, పూత వెలిసిన చెట్లకు మళ్ళీ మందు పూసింది. నెల తరువాత ముగ్గురం వరస మొదటి నుంచి చివరిదాకా నడిచాం. ఐదు చెట్లు ఎండిపోయాయి. ఇరవై రెండు కొత్త చిగురు వేశాయి. బంక ఆగిపోయి, గోకిన చోట అంచులు మడతపడి పూడుకుంటున్నాయి. ఎండిన వాటిలో ఒకదాని దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది.

"దీనికి చుట్టూ కుళ్ళిపోయిందని నాకు మొదటిరోజే తెలుసు. ఆశకొద్దీ పూశాను. ఆ మందేదో పక్కదానికి ఇంకో పూత వేసుంటే బాగుండేది" అంది. నెగ్గిన రోజున కూడా తన తప్పు తానే చెప్పుకునే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అద్దంలో అసలే చూడలేదు.

వరస చివర ఆగి అన్నగారిని అడిగింది, "మిషను పిలవాలా అన్నయ్యా?"

ఆయన నేల చూశాడు. "ఈ ఖాళీల్లో గుంతలు ఎప్పుడు తియ్యాలి?" అన్నాడు.

"ఇప్పుడు కాదు. ముందు పాత వేళ్ళు ఏరెయ్యాలి. నేల ఎండకి బాగా కాగాలి."

ఎండాకాలమంతా కాగాక గుంతలు తీయించాడు. మొక్కలు ఆమే ఎంచి తెచ్చింది. నాటింది మాత్రం ఆయనే, పట్టుబట్టి. పదహారూ నాటి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆమె పోయి చూసి, నాలుగు మొక్కలు పీకి చేత పట్టుకుని వచ్చింది.

"ఏంటే ఇది!"

"అంటు నేలకి జానెడు పైన ఉండాలన్నాను. ఇవి నాలుగూ బెత్తెడే ఉన్నాయి."

"జానెడే పెట్టాను. నా చేత్తో కొలిచాను."

"మట్టి సర్దుకుంటే దిగిపోతుందన్నయ్యా. దిగేది కూడా కలుపుకుని కొలవాలి. రా."

మా ఆయన నా వైపు చూశాడు, ఈసారైనా నవ్వుతానేమోనని. నేను నవ్వలేదు. లేచి ఆమె వెనకే వెళ్ళాడు. గుంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె మట్టి వేస్తుంటే ఆయన మొక్కను రెండు వేళ్ళతో నిటారుగా పట్టుకున్నాడు.

"ఇంకొంచెం పైకి."

ఎత్తాడు.

"అంత కాదు. ఆ... అక్కడే. వదలకు."

"ఎంతసేపే?"

"నేను చెప్పేదాకా."

పట్టుకునే ఉన్నాడు.